వరహా మీద వరాహం ఎందుకు లేదు?

ప్రశ్న: మా అత్తగారు ఇచ్చిన సొమ్ముల్లో చిన్న బంగారు బిళ్ల ఒకటుంది. ఇంట్లో అందరూ వరహా అంటారు. చూస్తే ఒకవైపు కూర్చున్న పిల్లవాడు, వెనకవైపు మూడు వరుసల నాగరి అక్షరాలు. వరాహం లేనిదానికి ఆ పేరెలా వచ్చింది? అసలుదో కాదో తెలుసుకునేదెట్లా?
- ఒక పాఠకురాలు, ఉదయగిరి

జవాబు: వరాహం చాళుక్యుల రాజలాంఛనం. వేంగీ చాళుక్యుల్లో శక్తివర్మ, రాజరాజనరేంద్రుడు వేయించిన బంగారు నాణేలు పలచగా, వెడల్పుగా ఉంటాయి. నడుమ వరాహం, చుట్టూ రాజు పేరులోని అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా కొట్టిన ముద్రలు. ఇవి బర్మా తీరంలోని చెదుబా దీవిలో కూడా దొరికాయి. తర్వాత విజయనగర రాజులకూ వరాహమే లాంఛనం. అలా పేరు నిలిచిపోయింది, బొమ్మ మాత్రం రాజు మారినప్పుడల్లా మారింది. హరిహర బుక్కరాయల కాలంలో హనుమంతుడు, దేవరాయల నాణేల మీద ఉమామహేశ్వరులు, అచ్యుతరాయల వాటి మీద గండభేరుండం. శాసనాల్లో వరహానే గద్యాణం అన్నారు. కన్నడంలో బంగారానికున్న 'హొన్ను' అనే మాటే పారసీ లెక్కల్లో 'హూన్' అయింది. తెల్లదొరలు పగోడా అన్నారు.

మీ దగ్గరున్నదాని మీది పిల్లవాడి కుడిచేతిలో వెన్నముద్ద ఉందేమో చూడండి. ఉంటే బాలకృష్ణుడు. వెనక 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అని ఉండాలి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో మీ ఊరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకుని, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి, 1515లో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఈ నాణెం ఆ గెలుపుకు గుర్తుగా వేయించిందేనని నాణేల పండితులు చెబుతారు. ఉదయగిరి ఇంట్లో ఈ బిళ్ల ఉండడం కంటే తగిన చోటు ఇంకేముంది!

ఇక పరీక్ష. నిండు వరహా బరువు సుమారు 3.4 గ్రాములు, అర వరహా 1.7. గ్రాములో నూరోవంతు చూపే త్రాసు ఉన్న నగల అంగడికి వెళ్లండి. కొక్కెం అతికించి ఉంటే దాని బరువూ కలుస్తుందని మరవకండి. బరువొక్కటే చాలదు, ఇత్తడి బిళ్లను కూడా అదే తూకానికి చేయొచ్చు. అందుకని చిన్న గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తెప్పించండి. నాణేనికి సన్నటి దారం కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ అంచుకూ తగలకుండా వేలాడదీయండి. 3.4 గ్రాముల బంగారు వరహాకు త్రాసు 0.2 దగ్గర చూపుతుంది. 0.4 చూపితే అది ఇత్తడి. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరుగుతుంది, దారం కదిపి వాటిని వదిలించాకే చూడండి. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత, ఒంటి మీద సూదిమొనంత గుంటలు ఉంటాయి, అక్షరాలు మొద్దుబారి ఉంటాయి.

గీటురాయి మీద గీయించడం, యాసిడ్ చుక్క వేయించడం, చింతపండుతో తోమడం, ఈ మూడూ వద్దే వద్దు. అరిగిపోయే ఆ అక్షరాల్లోనే నాణెం విలువంతా ఉంది.

ప్రశ్న: వరహాకు ఎన్ని రూపాయలు?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఏ కాలం వరహా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1443లో విజయనగరం చూసిన పారసీ రాయబారి అబ్దుల్ రజాక్ లెక్కలో వరహాలో సగం ప్రతాపం, ప్రతాపంలో పదోవంతు పణం. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) వారి మద్రాసు లెక్కలో నక్షత్రం గుర్తున్న వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు, అంటే 3,360 కాసులు. రూపాయల్లో మూడున్నర. 1818లో మద్రాసులో రూపాయే ప్రధాన నాణెమైంది. పాత దస్తావేజులో వరహాలు కనిపిస్తే ముందు తేదీ చూసి, ఆ తర్వాతే లెక్క కట్టండి.

ప్రశ్న: పొలం దున్నేటప్పుడు ఇలాంటివి దొరికితే ఎవరివి?
- ఒక రైతు, ఒంగోలు

జవాబు: 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్నది రాసి కలెక్టరుకు తెలపాలి. దాచిపెడితే జైలు దాకా పోవచ్చు. నూరేళ్లకు పైబడినదై, హక్కుదారు ఎవరూ లేరని తేలితే, దొరికినవారికీ భూమి యజమానికీ మధ్య ఒప్పందమేదీ లేనప్పుడు దొరికినవారికి ముప్పాతిక, యజమానికి పాతిక. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువ మీద ఐదోవంతు కలిపి ఇస్తుంది.

1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకల కట్టడం తగిలి, దాని కింద చిన్న కుండలో రోమను బంగారు నాణేలు దొరికాయి, ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి. పాత బంగారం కింద అమ్ముడుపోయి చాలా కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా చేతికి చిక్కినవి ముప్పై చిల్లర. కాబట్టి మీకు కుండ దొరికితే కడగకండి, పంచుకోకండి. కుండ పెంకులూ లోపలి మన్నూ కూడా అలాగే ఉంచి కబురు చేయండి. నాణేలు ఏ కాలంలో దాచారో తేల్చేది అవే.