లైవ్‌కి వెళ్లే ముందు కంటైనర్ లాగ్‌ల సంగతి

అమ్మలూ,

వచ్చే వారం మీ సర్వీసు ఫార్గేట్ (సర్వర్లు మనం చూసుకోకుండా కంటైనర్లు నడిపే అమెజాన్ సేవ) మీద లైవ్‌కి వెళ్తోందని, లాగింగ్ పని నీ నెత్తిన పడిందని మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెబితే సగం వింటావు, అందుకే రాస్తున్నాను.

మీ యాప్ లాగ్ (ఏం జరిగిందో లైను లైనుగా రాసే రికార్డు) ఎక్కడికి రాస్తోందో ముందు చూడు. ఫైల్లోకి అయితే ఇవాళే మార్పించు. టాస్క్ (అంటే నడుస్తున్న మీ కంటైనర్) ఆగిపోగానే దాని డిస్కు కూడా పోతుంది. క్రాష్ ఎందుకైందో చెప్పాల్సిన ఫైలు క్రాష్‌తోపాటే మాయమవుతుంది. అంతా స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి, స్టాండర్డ్ ఎర్రర్‌కి రావాలి. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ అధికారిక ఇమేజ్‌లో కూడా యాక్సెస్ లాగ్ ఫైల్లా కనిపిస్తుంది గానీ, అది స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి వేసిన లింకే. మీది పైథాన్ కాబట్టి 'పైథాన్‌అన్‌బఫర్డ్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇవ్వు. లేదంటే ప్రింట్ చేసినవి లోపలే పేరుకుంటాయి. టాస్క్‌ని ఆపమన్నప్పుడు అది మామూలుగా 30 సెకన్లలో ఆగకపోతే బలవంతంగా చంపేస్తారు. అప్పుడు పోయేవి చివరి లైన్లే, మనకు కావాల్సినవీ అవే.

టాస్క్ డెఫినిషన్‌లో (టాస్క్ ఎలా నడవాలో చెప్పే ఫైలు) 'ఏడబ్ల్యూఎస్‌లాగ్స్' డ్రైవర్ పెట్టి లాగ్ గ్రూప్, రీజియన్, స్ట్రీమ్ ప్రిఫిక్స్ ఇస్తే చాలు. అమెజాన్‌లో లాగ్‌లు దాచే క్లౌడ్‌వాచ్‌కి అదే పంపుతుంది. ఒక్కో కంటైనర్ లాగ్‌లు పడేది స్ట్రీమ్, స్ట్రీమ్‌లన్నీ ఉండేది గ్రూప్. స్ట్రీమ్ పేరు ప్రిఫిక్స్, కంటైనర్ పేరు, టాస్క్ ఐడీ కలిసి వస్తుంది కాబట్టి ప్రిఫిక్స్‌కి సర్వీసు పేరే పెట్టు, 'టెస్ట్1' లాంటివి వద్దు. అందరూ బోల్తా పడేది పర్మిషన్ దగ్గర. లాగ్‌లు పంపే అనుమతి ఎగ్జిక్యూషన్ రోల్‌కి (టాస్క్‌ని నడపడానికి అమెజాన్ వాడేది) ఉండాలి, టాస్క్ రోల్‌కి (మీ యాప్ వాడేది) కాదు. అమెజాన్ రెడీమేడ్‌గా ఇచ్చే ఎగ్జిక్యూషన్ పాలసీలో స్ట్రీమ్ తయారు చేసే హక్కు ఉంది, గ్రూప్ తయారు చేసే హక్కు లేదు. గ్రూప్ ముందే లేకపోతే టాస్క్ మొదలే కాదు. కోడ్‌లో ఏం తప్పుందా అని గంటలకొద్దీ వెతుకుతారు పాపం. గ్రూప్‌ని టెర్రాఫామ్‌లోనే (క్లౌడ్‌లో కావాల్సినవి కోడ్‌తో తయారు చేసే సాధనం) చేసెయ్, దాంతోపాటు రిటెన్షన్ (లాగ్‌లు ఎన్నాళ్లు ఉంచాలన్న గడువు) కూడా. క్లౌడ్‌వాచ్‌లో నువ్వు చెప్పకపోతే లాగ్‌లు ఎప్పటికీ ఉండిపోతాయి, బిల్లు కూడా వాటి వెంటే పెరుగుతుంది. మీలాంటి సర్వీసుకి 30 రోజులు చాలు.

ఇక నువ్వు కూర్చుని ఆలోచించాల్సింది ఆ డ్రైవర్ 'మోడ్' గురించి. క్లౌడ్‌వాచ్ కాసేపు అందలేదనుకో. 'బ్లాకింగ్' మోడ్‌లో ఉంటే నీ యాప్ ఒక్క లైను రాయబోయి అక్కడే ఆగిపోతుంది. థ్రెడ్లు ఒక్కొక్కటే ఇరుక్కుంటాయి, బతికుందా అని అడిగే హెల్త్ చెక్‌కి జవాబు రాదు, ఆరోగ్యంగా ఉన్న టాస్క్‌ని చచ్చిందనుకుని తీసేస్తారు. లాగ్ రాయలేక సర్వీసే పడిపోవడమంటే, జమాఖర్చుల పుస్తకం దొరకలేదని కొట్టు మూసేసినట్టు. 'నాన్-బ్లాకింగ్' పెడితే లైన్లు ముందు మెమరీలోని బఫర్‌లోకి (తాత్కాలిక నిల్వ) వెళ్తాయి, యాప్ ఆగదు. కానీ బఫర్ నిండితే లైన్లు పోతాయి, పోయాయని యాప్‌కి తెలియదు. ఈసీఎస్‌లో (ఫార్గేట్ టాస్కులను నడిపించే అమెజాన్ సేవ) 2025 జూన్ నుంచి నాన్-బ్లాకింగే డిఫాల్ట్. అంతకు ముందు రాసిన బ్లాగులు చదివి కంగారు పడకు, అలాగని డిఫాల్ట్‌కీ వదిలెయ్యకు. మోడ్‌నీ బఫర్ సైజునీ పైకి కనిపించేలా రాయి, తర్వాత వచ్చేవాడికి తెలియాలి. నేనైతే 25 ఎంబీ ఇస్తాను, ఆ మేరకు టాస్క్ మెమరీలో చోటు చూసుకుని.

మీ మేనేజర్ "ఒక్క లైను కూడా పోకూడదు" అంటాడు, అందరు మేనేజర్లూ అంటారు. ఏ లైన్లు అని అడుగు. డబ్బు లావాదేవీలు, ఎవరు ఏం మార్చారన్న రికార్డు అయితే అవి లాగ్‌ల మీద ఆధారపడకూడదు, డేటాబేస్‌లో రాయాలి. మిగతావాటిలో పది లైన్లు పోయినా కొంపలు మునగవు.

లాగ్ లైను జేసన్‌లో (పేరు, విలువ జతలుగా రాసే పద్ధతి), ఒక సంఘటనకి ఒకే లైనుగా రాయించు. మామూలుగా వదిలేస్తే ట్రేస్‌బ్యాక్‌లోని (ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చూపే లైన్ల వరస) ఒక్కో లైనూ ఒక్కో ఎంట్రీగా పడి, పక్క రిక్వెస్టుల లైన్లతో కలగాపులగం అవుతుంది. జేసన్ అయితే క్లౌడ్‌వాచ్‌లో లాగ్‌లు వెతికే లాగ్స్ ఇన్‌సైట్స్ ఫీల్డులను తనంతట తానే గుర్తిస్తుంది, రిక్వెస్ట్ ఐడీతో వెతుక్కోవచ్చు. టైము యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచు. ఇక్కడ అర్ధరాత్రి దాటగానే వచ్చిన అలారం లాగ్‌లో ముందు రోజు సాయంత్రం 6:30 కింద ఉంటుంది. నిద్రమత్తులో తప్పు తేదీలో వెతుకుతూ టెన్షన్ పడటం మామూలే.

ఓటీపీ, ఆధార్ నంబరు, టోకెన్ లాంటివి లాగ్‌లోకి రానివ్వకు. క్లౌడ్‌వాచ్‌లో పడిన ఒక్క లైనుని విడిగా చెరిపే వీలు లేదు. స్ట్రీమ్ మొత్తం తీసెయ్యాలి, లేదా గడువు దాకా ఆగాలి.

మీ టెస్ట్ సర్వరు ఉత్త డాకర్ మీద ఉందన్నావుగా. అక్కడ డిఫాల్ట్ 'జేసన్-ఫైల్' డ్రైవర్‌కి హద్దు లేదు, డిస్కు నిండేదాకా రాస్తూనే ఉంటుంది. 'లోకల్' డ్రైవర్‌కి మారు, లేదా మ్యాక్స్-సైజ్ (ఒక్కో ఫైలు సైజు), మ్యాక్స్-ఫైల్ (ఎన్ని ఫైళ్లు) ఇవ్వు. డీమన్ (వెనక నుంచి డాకర్‌ని నడిపే ప్రోగ్రాం) కాన్ఫిగ్‌లో మార్చి రీస్టార్ట్ చేసినా పాత కంటైనర్లు పాత పద్ధతిలోనే ఉంటాయి, వాటిని తీసేసి మళ్లీ సృష్టించాలి.

శుక్రవారంలోగా టాస్క్ డెఫినిషన్ పంపితే చూసి పెడతాను. పంపే ముందు అందులోని పాస్‌వర్డులు తీసెయ్.

పిన్ని