డిఫ్ చదివే ముందు పొల్లు చెరిగెయ్

చిరంజీవి అమ్ములుకి, పెదనాన్న ఆశీస్సులు.

పాత కోడ్‌నీ కొత్త కోడ్‌నీ పక్కపక్కన తెరిచి కళ్లతో పోల్చడం మానెయ్ తల్లీ. 1 అంకెకీ చిన్న ఎల్‌కీ తేడా పట్టడం కంటి వల్ల కాదు. అందుకే 1974 నుంచే యూనిక్స్‌లో రెండు ఫైళ్ల మధ్య తేడాలు చూపించే డిఫ్ అనే ఆజ్ఞ ఉంది.

గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్ర దాచిపెట్టే పనిముట్టు కదా, ముందు దాని గిట్ డిఫ్ ఆజ్ఞకి --స్టాట్ తగిలించి కొట్టు. ఏ ఫైల్లో ఎన్ని లైన్లు మారాయో తెలుస్తుంది. నువ్వు మార్చింది రెండు లైన్లయితే నాలుగు వందలు చూపిస్తోందా? చాలాసార్లు అది లైను చివరల గొడవే. విండోస్ పద్ధతిలో ప్రతి లైను చివరా రెండు గుర్తులు, లినక్స్‌లో ఒకటే. ఎడిటర్ ఒకదాన్ని ఇంకోదానిగా మార్చేస్తే ఫైలంతా మారినట్టే లెక్క. --ఇగ్నోర్-సీఆర్-ఎట్-ఈఓఎల్ పెట్టి చూడు, ఆ రెండు లైన్లే మిగులుతాయి. అలాగని వెంటనే కమిట్ చెయ్యకు, అంటే ఆ మార్పుని గిట్‌లో భద్రపరచకు. లైను చివరల్ని పాత పద్ధతికి తెచ్చాకే చెయ్యి, లేకపోతే రేపు నీ కోడ్ చూసేవాళ్లకి ఆ నాలుగు వందలే కనిపిస్తాయి.

ఖాళీల తేడాలు దాచడానికి -డబ్ల్యూ (చిన్న అక్షరం) ఉంది. జావా, సీ కోడ్‌కి పనికొస్తుంది. పైథాన్‌లో మాత్రం దాన్ని నమ్మి ఊరుకోకు. రిటర్న్ లైను నాలుగు ఖాళీలు కుడికి జరిగి లూపులో పడితే మొదటి చుట్టులోనే ఫంక్షన్ ముగిసిపోతుంది. -డబ్ల్యూ పెట్టావంటే ఆ మార్పు అసలు కనపడదు. నాకు అన్నిటికన్నా భయం దీనితోనే.

డిఫ్ మార్పుకి పైనా కిందా మూడేసి లైన్లే చూపిస్తుంది. ఇఫ్ షరతు అంతకంటే పైనుంటే నీకు కథ సగమే తెలుస్తుంది, -యూ15 (యూ పెద్ద అక్షరం) పెట్టుకో.

నీ బ్రాంచిని, అంటే నువ్వు విడిగా పనిచేసే కోడ్ శాఖని, అందరి ఉమ్మడి శాఖ మెయిన్‌తో పోల్చేటప్పుడు మెయిన్ పేరు ముందు రాసి, రెండు పేర్ల మధ్య మూడు చుక్కలు పెట్టు. రెండే పెడితే, నువ్వు విడిపోయాక మెయిన్‌లో మిగతావాళ్లు చేర్చినవి కూడా నువ్వే తీసేసినట్టు కనిపిస్తాయి.

తెలుగు సందేశాలుండే ఫైళ్లలో ఇంకో చిక్కుంది. రెండు లైన్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నా డిఫ్ వేరంటుంది. దాని మాటే నమ్ము. పొల్లు గుర్తుతో ముగిసే మాట చివర తర్వాతి అక్షరంతో కలవకుండా ఆపే, కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే అక్షరం దాక్కుని ఉండొచ్చు. ఐత్వం ఒకచోట ఒకే కోడుగా, ఇంకోచోట రెండు కోడ్ల జోడీగా ఉండొచ్చు. ఆ లైన్లని, బైట్లని అంకెల్లో చూపించే హెక్స్‌డంప్ -సీకి (సీ పెద్ద అక్షరం) ఇచ్చి చూడు. ఈ2 80 8సీ కనిపిస్తే అదే ఆ దాక్కున్న అక్షరం.

ఇట్లు,
పెదనాన్న