సికిల్ సెల్ ట్రైట్ ఉంటే మలేరియా రాదా?

ప్రశ్న: మాది పాడేరు వైపు ఒక గ్రామం. నా వయసు 22. గత ఏడాది చేసిన రక్తపరీక్షలో సికిల్ సెల్ ట్రైట్ ఉందన్నారు. ఇది ఉన్నవారికి మలేరియా రాదని చదివాను. నిజమేనా? నాలుగు రోజులుగా చలిజ్వరం వస్తుంటే, ఇంట్లో మిగిలి ఉన్న మలేరియా మాత్రలు రెండు వేసుకున్నాను.
- ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ జ్వరం సంగతి చూడాలి. తగ్గినట్టు అనిపించినా సరే, ఈరోజే ఆశా కార్యకర్త దగ్గరకో పీహెచ్‌సీకో వెళ్లి మలేరియా పరీక్ష చేయించుకోండి. అరకొరగా మందు వేసుకుంటే రక్తంలో పరాన్నజీవుల సంఖ్య తగ్గి పరీక్షలో దొరకకపోవచ్చు కాబట్టి, ఏ మాత్రలు వేసుకున్నారో అక్కడ తప్పక చెప్పండి.

మీరు చదివినదానిలో నిజముంది. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క మార్పు వల్ల, ఆ ప్రొటీన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వచ్చి చేరుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఈ మార్పు సంక్రమించినవారిలో, అంటే మీలా ట్రైట్ ఉన్నవారిలో, పరాన్నజీవి చొరబడిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోవడంతో, పరాన్నజీవి ఎదగకముందే ప్లీహం ఆ కణాన్ని తొలగిస్తుందన్నది ఒక ముఖ్యమైన వివరణ. ఇలాంటివారికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని తూర్పు ఆఫ్రికాలో శాస్త్రవేత్త ఆంథనీ అలిసన్ 1954లోనే చూపించారు. మలేరియా ప్రబలిన చోట ఇలాంటి పిల్లలు ఎక్కువగా బతికి బట్టకట్టడం వల్లనే ఆ మార్పు తరతరాలుగా నిలిచింది. అయితే ఆ రక్షణ ప్రధానంగా ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ప్రాణాల మీదకు రాకుండా కాపాడేదే తప్ప, జ్వరమే రాకుండా ఆపేది కాదు. డెంగీ, టైఫాయిడ్ విషయంలో దాన్ని నమ్ముకోవడానికి అసలే లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీరు సొంతంగా వేసుకున్న మాత్రలు. వాటి పేరు మీరు రాయలేదు. అవి ప్రైమాక్విన్ అయి, మీకు జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్) లోపం కూడా ఉంటే, ఎర్ర రక్తకణాలు వేగంగా పగిలిపోయే ప్రమాదముంది. ఆ లోపం కూడా మలేరియా ప్రాంతాల్లో అదే కారణంగా నిలిచిపోయిన జన్యు మార్పే, పైగా మగవారిలో ఎక్కువగా బయటపడుతుంది. మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం అనిపించినా మాత్రలు ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చదువుకున్నవారు కూడా పాత మాత్రలు దాచుకుని వాడటం నాకు బాధ కలిగిస్తుంది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. పెళ్లికి ముందు అమ్మాయికి కూడా సికిల్ సెల్ పరీక్ష చేయించండి. ఇద్దరికీ ట్రైట్ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ సికిల్ సెల్ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది, ఆ వ్యాధి ఉన్న పిల్లలకు మలేరియా మరీ ప్రమాదకరం.