'అఫిత్తో దజియెందా'ను ఇంగ్లీషులో 'కమర్షియల్ లీజ్' అని రాయొచ్చా?

ఇటలీలోని బొలోన్యాలో ఒక రెస్టారెంటును నడపడానికి తీసుకుంటున్నవాళ్ల ఒప్పందం అనువదిస్తున్నానని, పైన శీర్షికగా 'అఫిత్తో దజియెందా' (నడుస్తున్న వ్యాపారాన్ని అద్దెకివ్వడం) అని ఉందని, దాన్ని 'కమర్షియల్ లీజ్' అనొచ్చా అని అడిగారు. దయచేసి అలా రాయకండి. ఇటాలియన్ కాంట్రాక్టులను ఇంగ్లీషులోకి మార్చడం నా పని. దిద్దమని నా దగ్గరికి వచ్చే పత్రాల్లో తరచూ కనిపించే తప్పు ఇదే.

కమర్షియల్ లీజ్ అనగానే లండన్ లాయరు, ఎవరో షాపు గదిని అద్దెకిస్తున్నారనుకుంటారు. ఇటలీలో ఆ అద్దె వేరు. దాన్ని 'లొకాత్సియోనె' అంటారు, దానికి 1978 నాటి 392వ నంబరు చట్టం ఉంది. మామూలుగా కనీసం 6 ఏళ్లు, హోటలైతే 9 ఏళ్లు ఉండనివ్వాలి. కస్టమర్లు నేరుగా వచ్చే వ్యాపారమైతే, ఓనరు ఖాళీ చేయించినప్పుడు గుడ్‌విల్ పోయినందుకు 18 నెలల అద్దె పరిహారంగా ఇవ్వాలి. అఫిత్తో దజియెందాకు ఈ రక్షణలు లేవు. అక్కడ చేతులు మారేది నడుస్తున్న వ్యాపారం: వంటగది సామాను, బోర్డు మీది పేరు, సరఫరా ఒప్పందాలు. సివిల్ కోడ్ 2112వ ఆర్టికల్ ప్రకారం అక్కడి ఉద్యోగులు కూడా వాళ్ల పాత సర్వీసుతో సహా కొత్తాయన దగ్గరికి వస్తారు. శీర్షిక తప్పుగా ఉంటే సంతకం పెట్టేవాళ్లు లేని రక్షణ ఉందనుకుంటారు, రాబోయే జీతాల భారం వాళ్ల కంటికి కనిపించదు. ఒక కుటుంబం పొదుపంతా ఇలాంటి కాగితం మీద ఆధారపడి ఉండొచ్చు.

నేను 'లీజ్ ఆఫ్ బిజినెస్' అని రాస్తాను. 'రామొ దజియెందా' (వ్యాపారంలో ఒక భాగం) అని ఉంటే 'బిజినెస్ యూనిట్' అంటాను, ఎందుకంటే 'బ్రాంచ్' అంటే బ్యాంకు బ్రాంచిలా వినిపిస్తుంది. మొదటిసారి వచ్చిన చోట ఇటాలియన్ పదాన్ని, దానికి వర్తించే సివిల్ కోడ్ 2562వ ఆర్టికల్ నంబరును పక్కనే ఉంచుతాను.

పార్టీల పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వ్యాపారం ఇచ్చేవాడిది ఆ భవనం కాకపోవచ్చు, చాలాసార్లు ఆయనే అద్దెకు ఉంటాడు. 392వ చట్టం 36వ ఆర్టికల్ ప్రకారం వ్యాపారంతో పాటు ఆ అద్దె ఒప్పందాన్ని భవనం ఓనరు అనుమతి లేకుండానే కొత్తవాళ్లకు బదిలీ చేయొచ్చు. రిజిస్టర్డ్ పోస్టులో చెబితే చాలు, బలమైన కారణాలుంటే ఓనరు 30 రోజుల్లో అభ్యంతరం చెప్పొచ్చు. ఇద్దరినీ 'ల్యాండ్‌లార్డ్' అని రాస్తే ఆ క్లాజు ఎవరికీ అర్థం కాదు. కాబట్టి ఆ మాటను భవనం ఓనరుకే ఉంచి, వ్యాపారం ఇచ్చేవాళ్లను 'గ్రాంటర్', తీసుకునేవాళ్లను 'ఆపరేటర్' అని నిర్వచించి చివరిదాకా అవే వాడండి.

'దిజ్దెత్త', 'రెచెస్సొ', 'రిజొలుత్సియోనె' మూడింటికీ 'టెర్మినేషన్' అని పెట్టేయకండి. మొదటిది గడువు తర్వాత పొడిగించం అనే నోటీసు, రెండోది మధ్యలో తప్పుకునే హక్కు, మూడోది ఎక్కువగా ఒప్పందం ఉల్లంఘించినప్పుడు దాన్ని రద్దు చేయడం. ఇటాలియన్ పత్రంలో 'లీజింగ్' అని కనిపిస్తే అది ఫైనాన్స్ లీజు (ఫైనాన్స్ కంపెనీ ఒక వస్తువును కొని వాడుకోవడానికి ఇవ్వడం), వ్యాపారం అద్దెకు ఇవ్వడం కాదు.

పని మొదలుపెట్టే ముందే, తేడా వస్తే ఏ భాష ప్రతి చెల్లుతుందో క్లయింటును అడగండి. ఇటాలియన్‌దే అంటే ఆ మాటను ఇంగ్లీషు ప్రతి మొదటి పేజీలోనే పెట్టించండి.