ప్లాటు ఇప్పుడే అమ్మకండి, ముందు ఎఫ్‌ఎంజీఈ కానివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి కిర్గిజ్‌స్థాన్‌లో ఎంబీబీఎస్ పూర్తి చేసి గత నెలే వచ్చింది. ఎడ్యుకేషన్ లోను 18 లక్షలుంది, వడ్డీ 11 శాతం. ఈఎంఐలు ఏడాది తర్వాత మొదలవుతాయి. నా జీతం 70 వేలు, ఇంటి ఖర్చు 38 వేలు. ఎఫ్‌డీ 6 లక్షలుంది. ఇప్పుడే 10 లక్షలు అడ్వాన్స్ ఇస్తే మేనేజ్‌మెంట్ కోటాలో పీజీ సీటు ఖాయమని ఒకాయన అంటున్నారు. ఖమ్మంలో ఉన్న ప్లాటు అమ్మమంటారా?
- ఒక తండ్రి

జవాబు: వద్దండీ. ఆ అడ్వాన్స్ ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ప్రైవేటు కాలేజీల్లో మేనేజ్‌మెంట్ కోటా సీటైనా సరే, పీజీ ప్రవేశ పరీక్ష అయిన నీట్ పీజీలో ర్యాంకు చూసి కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు. తెలంగాణలో ఆ కౌన్సెలింగ్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ చేస్తుంది. మీ అమ్మాయి ఇంకా ఆ పరీక్షే రాయలేదు. రాయని పరీక్షకు సీటు ఖాయం చేస్తానన్న మనిషి చేతిలో పది లక్షలు పెడితే వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. ఇలా ఇచ్చి తిరుగుతున్న తల్లిదండ్రులను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు దారి ఎంత పొడవుందో చూద్దాం. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఇక్కడ డాక్టరుగా రిజిస్టర్ కావాలంటే పాసవ్వాల్సిన పరీక్షే ఎఫ్‌ఎంజీఈ. అది ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. వినడానికి తేలికగానే ఉంటుంది కానీ చాలా విడతల్లో పాసయ్యేవాళ్లు నాలుగో వంతుకు అటూ ఇటూనే. మొదటిసారి రాకపోతే ఆరు నెలలు పోతాయి, అంతే. అమ్మాయి తెలివిని శంకించాల్సిన పనిలేదు. పాసయ్యాక మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, తర్వాత 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత నీట్ పీజీ, కౌన్సెలింగ్. అంతా సాఫీగా జరిగినా పీజీలో చేరేసరికి రెండేళ్లు దాటుతుంది. నేనైతే మూడేళ్లకు లెక్క వేసుకోమంటాను.

ఈ మూడేళ్లలో మిమ్మల్ని నిశ్శబ్దంగా తినేది లోను వడ్డీ. 18 లక్షలకు 11 శాతమంటే నెలకు 16,500. ఇప్పుడు కట్టక్కర్లేదు కదా అని వదిలేస్తే ఏడాదికి 1,98,000 అయి, అసలులో కలుస్తుంది. అప్పుడు దాదాపు 20 లక్షల మీద పదేళ్ల ఈఎంఐ నెలకు 27,500 వస్తుంది. ఇప్పటినుంచే వడ్డీ కడుతూ వస్తే అదే ఈఎంఐ 24,800 దగ్గర ఆగుతుంది. నెలకు 2,700 తేడా, పదేళ్లపాటు. మీకు ఖర్చులు పోను 32 వేలు మిగులుతోంది కాబట్టి ఈ నెలనుంచే వడ్డీ కట్టండి. మారటోరియంలో, అంటే ఈఎంఐలు మొదలయ్యేలోపు గడువులో, వడ్డీ కట్టేవారికి కొన్ని బ్యాంకులు రేటు కొంచెం తగ్గిస్తాయి, అదీ అడగండి.

మిగిలిన 15,500లో కోచింగ్, పుస్తకాలు, పరీక్ష ఫీజు చూసుకోండి. కోచింగ్ మాటకొస్తే, రెండేళ్ల ప్యాకేజీ ఒకేసారి కట్టించుకునేవాళ్లుంటారు. ముందు ఎఫ్‌ఎంజీఈకి మాత్రమే కట్టండి.

ఈఎంఐ మొదలయ్యాక మీ చేతిలో నెలకు 7 వేలే ఉంటాయి. ఎఫ్‌డీ అప్పటికోసమే. అందులో 3 లక్షలు అసలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి, ఏడాది ఈఎంఐకి సరిపోతుంది. ఒక్క ఈఎంఐ తప్పినా అప్పులు ఎలా కడుతున్నారో చూపే సిబిల్ స్కోరు మీ ఇద్దరిదీ దెబ్బతింటుంది. రేపు పీజీకి లోను కావాలంటే బ్యాంకు మొదట చూసేది దాన్నే.

ఇంటర్న్‌షిప్‌లో చేర్చుకోవడానికి విదేశాల్లో చదివొచ్చినవాళ్ల దగ్గర కాలేజీలు డబ్బు తీసుకోకూడదని 2022లోనే నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. స్టైపెండ్ కూడా ఇక్కడ చదివినవాళ్లతో సమానంగా ఇవ్వాలి. ఎవరైనా ఫీజు అడిగితే రాతపూర్వకంగా ఇమ్మనండి. స్టైపెండ్ మాత్రం చేతికి రాకముందే లెక్కల్లో వేసుకోకండి, ఆలస్యం మామూలే.

నీట్ పీజీలో మొదటిసారి మంచి ర్యాంకు రాలేదనుకుందాం. ఇంటర్న్‌షిప్ అయి పర్మనెంట్ రిజిస్ట్రేషన్ వచ్చాక డ్యూటీ డాక్టరుగా చేస్తూ మళ్లీ రాయొచ్చు. ఆ జీతంతో ఈఎంఐ తనే కట్టుకోగలదు. ప్లాటు సంగతి అప్పుడు, ర్యాంకు చేతిలో ఉన్నప్పుడు మాట్లాడుకుందాం. ప్రభుత్వ కాలేజీలో సీటొస్తే అమ్మే అవసరమే రాకపోవచ్చు.

పన్ను గురించి ఒక్క మాట. పాత పన్ను విధానంలో ఉంటే, పిల్లల చదువుకు మీరు తీసుకున్న లోను మీద కట్టే వడ్డీకి ఆదాయపు పన్ను చట్టం కింద (1961 చట్టంలో ఇది సెక్షన్ 80ఈ) ఎనిమిదేళ్లు మినహాయింపు ఉంటుంది. కొత్త విధానంలో లేదు. లోను పత్రాల్లో మీ పేరు ఎలా ఉందో చూసి, మీ ఆడిటర్‌తో రెండు విధాలా లెక్క వేయించండి.

ఈ వారంలోనే అమ్మాయి కోర్సు పూర్తయిన సర్టిఫికెట్ తీసుకుని బ్యాంకుకు వెళ్లండి. మొదటి ఈఎంఐ ఏ తేదీనో, ఈరోజుకు బాకీ ఎంతో కాగితం మీద రాయించుకోండి. తననూ వెంట తీసుకెళ్లండి. లోనులో తన పేరు కూడా ఉంటుంది కాబట్టి ఆ అంకె తన కళ్లతో ఒకసారి చూడాలి. ఆ తర్వాత పరీక్ష అయ్యేదాకా ఇంట్లో డబ్బు మాట ఎత్తకండి, తనను చదువుకోనివ్వండి.