ఖాళీ ఫారాలతో కారు మీది కాదు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. రెండు తలుపుల కూపే కారు నడపాలన్న కోరిక తీరకుండానే మా నాన్నగారు పోయారు. 2011 నాటి ఆడి టీటీలు రెండు చూశాను. విశాఖలోని ఏపీ 31 కారు చవక. యజమాని సంతకాలున్న ఖాళీ బదిలీ ఫారాలు 29, 30 ఇస్తాననీ, బదిలీ సంగతి తరువాత చూసుకోవచ్చనీ మధ్యవర్తి అంటున్నాడు. ఆయనకు రూ.50,000 నగదు బయానా ఇచ్చాను. బరంపురంలోని ఓఆర్ 07 కారు ఖరీదెక్కువ, ఆర్‌సీలో ఇంకా ఫైనాన్స్ కంపెనీ పేరుంది. ఏది కొనాలి?

జవాబు: ఇంజను, రంగు, సీట్ల గురించి రెండు పేజీలు రాసిన మీరు, విశాఖ కారు ఆర్‌సీలో ఎవరి పేరుందో రాయలేదు. తేలవలసింది అదొక్కటే. పొరుగు రాష్ట్రపు కారు మీ పేరుకు మారాలంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 48 కింద నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కావాలి. దానికి ఫారం 28పై దరఖాస్తు చేయవలసింది రిజిస్టరైన యజమానే గాని మధ్యవర్తి కాదు. ఆ యజమాని ఈలోగా మరణిస్తే, వారసులు ఫారం 31తో ముందుకు రానిదే బదిలీ సాగదు. ఒడిశా పన్ను మిగులుతుందని ఏపీ నంబరుతోనే తిరిగే ఆలోచన ఉంటే మానుకోండి: 12 నెలలు దాటితే అదే చట్టం సెక్షన్ 47 కింద ఒడిశా నంబరు తీసుకోక తప్పదు, ఆలోగా ప్రమాదం జరిగితే పాలసీ మీ పేర లేదని మీ కారుకు జరిగిన నష్టపు క్లెయిమును బీమా కంపెనీ తిరస్కరిస్తుంది.

బరంపురం కారు లోపం సరిదిద్దదగినది. బాకీ తీరిందన్న మాట నమ్మకుండా, ఫైనాన్స్ కంపెనీ సంతకం చేసిన ఫారం 35తో ఆ పేరు కొట్టివేయించిన తరువాతే మిగతా సొమ్ము బ్యాంకు ద్వారా చెల్లించండి. ఛాసిస్ నంబరును పెన్సిలుతో కాగితం మీద అచ్చు తీసి ఆర్‌సీతో సరిచూడండి. కొన్న 30 రోజులలో బదిలీకి దరఖాస్తు చేయాలి. 2011లో రిజిస్టరైన కారుకు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లే, అంటే 2026 దాకానే కనుక, పునరుద్ధరణ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయించండి.

ఇక రసీదైనా లేకుండా నగదు ఇవ్వడం చదువుకున్నవారు చేయవలసిన పని కాదు. ఇప్పుడు తొందరపడి "కారు వద్దు" అని మెసేజ్ పెట్టారో, బేరం మీరే తప్పారని మధ్యవర్తి బయానా మింగేస్తాడు. అందుకు బదులు, ఫలానా తేదీన ముట్టిన రూ.50,000 ప్రస్తావిస్తూ, యజమానిని, నిరభ్యంతర పత్రాన్ని 15 రోజులలో చూపమని వాట్సాప్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ అడగండి. డబ్బు ముట్టలేదని ఆయన అనకుండా జవాబిస్తే అదే మీ సాక్ష్యం. ఆ ఫోను మార్చకండి, సంభాషణ చెరపకండి, కోర్టులో దానికి భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ధ్రువపత్రం జతచేయాలి. గడువులోగా చూపలేకపోతే బేరం ఆయన వల్లే విఫలమైనట్టు. ఆ తేదీ నుంచి 3 ఏళ్లలో దావా వేయాలి. "వచ్చే నెల ఇస్తాను" అనే నోటిమాటలతో ఆ కాలపరిమితి పెరగదు, సంతకం చేసిన కాగితం ఉంటేనే పెరుగుతుంది.