క్రిస్మస్ పాకలో పెట్టే ముగ్గురు రాజులు నిజంగా ముగ్గురేనా?

నల్లగొండ చర్చిలో పాక చూసి మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకు జవాబు: బైబిలులో ఆ లెక్క లేదు. శిశువు యేసును చూడవచ్చినవారిని మత్తయి సువార్త 2వ అధ్యాయం ‘తూర్పు దేశపు జ్ఞానులు’ అని మాత్రమే అంటుంది. వాళ్లు తెచ్చిన కానుకలు మూడు (బంగారం, సాంబ్రాణి, బోళం అనే సువాసన బంక) కాబట్టి మనుషులూ ముగ్గురని తరువాతివారు లెక్కగట్టారు. సిరియా క్రైస్తవ సంప్రదాయంలో పన్నెండుగురు!

రాజులన్న మాటా మత్తయిది కాదు. బైబిలు పాత నిబంధనలో 72వ కీర్తనలోని రాజులు, యెషయా గ్రంథం 60వ అధ్యాయంలోని ఒంటెలు కలిసి ఆ బొమ్మలయ్యాయి. గాస్పర్, మెల్కియోర్, బల్తజార్ అన్న పేర్లు శతాబ్దాల తరువాత వచ్చినవే. పైగా వాళ్లు శిశువును చూసింది ‘ఇంట్లో’. పాకలో గొర్రెల కాపరుల పక్కన నిలబెట్టింది మనమే.

ఆ సాంబ్రాణి అరేబియా వైపు చెట్ల బంక. నల్లమలలోని అందుగు చెట్టు దానికి దగ్గరి బంధువే.

వీరి పండుగ జనవరి 6. కతోలికులు దీన్ని సాక్షాత్కార పండుగ అంటారు, మన దగ్గర దగ్గరి ఆదివారం జరుపుతారు. ఆర్థడాక్స్ వంటి తూర్పు క్రైస్తవ సంఘాల్లో మాత్రం ఆ రోజు ప్రధానంగా యేసు బాప్తిస్మాన్ని తలుచుకుంటారు.